వద్దు అన్న చీటీలు

గోదావరిఖని గనిలో సేఫ్టీ బోర్డులు రాయించే పని చాలా ఏళ్లు నాదే. "ఆధారం లేని పైకప్పు కింద నిలబడరాదు" అన్న బోర్డును "ఆధారం పెట్టిన చోటే నిలబడండి" అని మార్పించాను. భయపడ్డ మనిషికి ఏం చేయకూడదో కాదు, ఏం చేయాలో చెప్పాలని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి.

నా భార్యకు మతిమరుపు జబ్బు ముదిరాక ఇంటి గోడల నిండా చీటీలు అంటించాను. స్టవ్ ముట్టుకోవద్దు, గేటు తియ్యొద్దు, ఒక్కదానివే బయటికి పోవద్దు. ఒక పొద్దున పాల ప్యాకెట్టుతో వచ్చేసరికి ఆమె వంటింటి మధ్యలో నిలబడి ఒక్కో చీటీనీ భయంగా చూస్తోంది.

"అన్నీ వద్దంటున్నయి. మరి నేనేం చెయ్యాలె?" అంది.

గనిలో చెప్పిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. చీటీలన్నీ పీకేసి, కుర్చీకి ఎదురుగా ఒక్కటే పెట్టాను: "ఈ కుర్చీల కూసో. మీ ఆయన వస్తడు."

నిన్న దవాఖాన నుంచి మందులు తెచ్చేసరికి ఆమె బుద్ధిగా ఆ కుర్చీలోనే ఉంది. నన్ను చూసి కొంచెం జరిగింది.

"మా ఆయన డ్యూటీ దిగి వస్తడట. నువ్వు గూడ కూసో అన్నా," అంది.

ఆమె పక్కనే స్టూలు వేసుకుని, గేటు వైపు చూస్తూ కూర్చున్నాను.