బిడ్డ బొద్దుగా ఉందనుకున్నాం

అరవైల మొదట్లో, మా పెద్దమ్మాయికి ఏడాదిన్నర నిండుతుండగా తట్టు పోసింది. ఇంట్లో అమ్మవారు ఉన్నన్నాళ్ళూ తాళింపు వేయకూడదు, మాంసం వండకూడదు, గుమ్మానికి వేపాకు కట్టాలి. తమిళనాట మా రాజపాళయంలో ప్రతి తెలుగింటా చేసేవే, మేమూ చేశాం. పొక్కులన్నీ మాడిపోయాక వేపాకు నీళ్ళు పోసి అమ్మవారిని సాగనంపాం. మా కష్టం ఆ తర్వాత మొదలైంది.

మా అత్త మాటకు ఆ ఇంట్లో తిరుగు లేదు. ఆవిడ కోపిష్టి కాదు, గయ్యాళి కాదు. అలాంటిదైతే ఎదురు చెప్పడం నాకు సులువయ్యేది. నా కూతుర్ని నాకంటే ఎక్కువ ముద్దు చేసేది. తట్టు తగ్గాక పిల్లకు విరేచనాలు పట్టుకుంటే పాలు ఆపించింది. పప్పు వాయువని ఆపించింది, గుడ్డు వేడని ఆపించింది. నా కడుపులో రెండో బిడ్డ పడటంతో చనుపాలు అంతకుముందే మాన్పించేశాం. ఇక మిగిలింది గంజి.

అల్లాటప్పా గంజి కాదు. సేత్తూరు దగ్గర మా పొలంలో పండిన వడ్లనే మిల్లులో బాగా పాలిష్ పట్టించి, తెల్లగా మెరిసే బియ్యం తెప్పించేది అత్త. దంచిన ముతక బియ్యం పనివాళ్ళకు, తెల్ల బియ్యం మాకు. ఆ తెల్ల బియ్యాన్ని మెత్తగా ఉడికించి, వడకట్టి, చక్కెర కలిపి పూటపూటకూ పట్టేవాళ్ళం. వారం పదిరోజులు చేయాల్సిన పత్యం మూడు నెలలు సాగింది. ఆపమని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. పిల్లకు ఏదైనా అయితే పత్యం చెడగొట్టింది నువ్వేనంటారని నా భయం.

మా ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టే మనిషి మంసాపురం నుంచి వచ్చి మా తోటలో కాపురం ఉండేది. ఆమె కూతురికీ అదే ఈడు, అదే నెలలో తట్టు పోసింది. ఆమెకు పత్యాలు చూసుకునే తీరిక ఎక్కడిది? కుండ దించగానే గుప్పెడు ఉలవలు మెత్తగా పిసికి, ముతక అన్నంలో కలిపి పిల్ల నోట్లో పెట్టి, మళ్ళీ పనిలో పడేది. ఆ పిల్ల బక్కగా ఉండేది గాని కోళ్ళ వెంట పరుగులు తీసేది.

"చూస్తివా అమ్మాయి, మన పాప బుగ్గలు ఎట్ల పూరించినాయో," అనేది అత్త. "ఆ బిడ్డను చూడు, పావం, పుల్ల మాదిరి ఉన్నాది."

నేనూ మురిసిపోయాను. దాచడం ఎందుకు? మా పిల్ల బుగ్గలు నిండుగా, కాళ్ళు గుండ్రంగా ఉన్నాయి. తళవాయిపురం నుంచి వచ్చిన మా ఆడపడుచు, ఇంత బొద్దుపిల్లకు కళ్ళు పడవా అని మిరపకాయలు, ఉప్పు తిప్పి దిష్టి తీసింది. నేను రోజూ రెండు బుగ్గలకూ కాటుక చుక్కలు పెట్టేదాన్ని. పిల్ల ఆడటం మానేసింది, ఎత్తుకున్నా దించినా సన్నగా మూలిగేది, జుట్టు రాగిరంగుకు తిరిగింది. ఇన్ని చూస్తూ కూడా నాకు దిష్టి భయమే తప్ప వేరే భయం కలగలేదు. చదువుకున్నదాన్నని నాకు పెద్ద పేరు మళ్ళీ!

ఒక ఉదయం స్నానం చేయిస్తుంటే వెండి పట్టీలు బిగుసుకుపోయి ఊడిరాలేదు. సబ్బు రాసి లాగాను. పట్టీ ఉన్నచోట లోతుగా గాడి పడింది. నలుగు పెట్టాను, తలకు పోశాను, గౌను తొడిగాను. ఆ గాడి అలాగే ఉంది. మధ్యాహ్నానికీ పూడలేదు. అప్పుడు అత్త వద్దంటున్నా వినకుండా గుర్రబ్బండి పిలిపించి ఆసుపత్రికి పోయాను. ఆవిడ గొణుగుతూనే వెంట వచ్చింది.

డాక్టరమ్మ పిల్ల కాలి మీద బొటనవేలితో నొక్కి తీసింది. పిండిముద్దలో పడ్డట్టు గుంట పడింది.

"ఇది కండ కాదమ్మా, నీరు," అంది తమిళంలో. "ఏం పెడుతున్నారు?"

అత్త గొప్పగా చెప్పింది. డాక్టరమ్మ విసుక్కోలేదు. ఒంట్లో కండ కట్టాలన్నా, నీరు నిలవాల్సిన చోట నిలవాలన్నా మాంసకృత్తులు కావాలంది. అవి ఇరవై రకాల చిన్న ముక్కలు చేరి తయారవుతాయట. కొన్ని ముక్కలు ఒళ్ళే చేసుకుంటుంది, కొన్ని మాత్రం తిండిలోంచే రావాలి. గంజిలో మాంసకృత్తులే తక్కువ, ఉన్నవాటిలోనూ లైసిన్ అనే ముక్క మరీ తక్కువ. అది పప్పుల్లో, ఉలవల్లో, పాలల్లో, గుడ్డులో దండిగా ఉంది. పప్పులో కొరవడిన ఇంకో ముక్క బియ్యంలో ఉంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. నేను పదో తరగతి దాకా చదివాను గాని ఆ పేరు వినడం అదే మొదలు.

"ఉలవలు ఎద్దులకు పెట్టేది గదా?" అంది అత్త. "నా మనమరాలికా?"

"ఎద్దులు బాగానే ఉన్నాయి కదా పెద్దమ్మా," అంది డాక్టరమ్మ.

పిల్లను అక్కడే ఉంచమన్నారు. మొదట నీళ్ళు కలిపిన పాలు చెంచాతో కొంచెం కొంచెంగా, తర్వాత మెత్తని పప్పన్నం. అయిదో రోజుకు నీరు తీయడం మొదలైంది. మమ్మల్ని భయపెట్టి చంపింది అదే. నీరు తీసేకొద్దీ బుగ్గలు పోయాయి, తొడలు పోయాయి, పక్కటెముకలు బయటపడ్డాయి. తోటలోని ఆ బక్కపిల్లకంటే మా పిల్ల సగం కూడా లేదు. మూడు నెలలుగా మేం ముద్దులాడింది నీళ్ళనన్నమాట.

అత్త తట్టుకోలేకపోయింది. "పూవు మాదిరి బిడ్డను తెచ్చినాము, ఎముకలు చేసి పెట్టినారు. బండి వచ్చినాది. ఎత్తు, ఇంటికి పోదాం," అంది.

"నేను రాను అత్తా. బిడ్డా రాదు," అన్నాను.

పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆవిడ మొహం మీదే కాదనడం నాకు అదే మొదలు. ధైర్యంతో అన్నానని అనుకోకండి. డాక్టరమ్మ మాటలు సగమే అర్థమయ్యాయి. పిల్ల పోతే ఆ పాపం మొత్తం నాదేనని తెలుసు. అయినా ఆ గంజి దగ్గరికి మళ్ళీ పోలేననిపించింది. అత్త ఇంటికి పోలేదు, లోపలికీ రాలేదు. రెండు రోజులు వరండాలో బల్ల మీద కూర్చుంది. మా ఆయన వచ్చి బతిమాలినా కదల్లేదు.

మూడో రోజు పొద్దున పప్పన్నం కలుపుతుంటే నాకు దగ్గొచ్చి చెయ్యి ఆగింది. ఆలస్యమైందని పిల్ల గట్టిగా అరిచి, నా చెయ్యి లాక్కుని వేలు కొరికింది. నొప్పికి కళ్ళ నీళ్ళు తిరిగాయి, నొప్పికే కాదులెండి. నెలల తర్వాత పిల్ల ఆకలని అడిగింది. ఆ అరుపు విని అత్త లోపలికి వచ్చింది.

ఇంటికి వచ్చాక వంటింట్లో పత్యాల పెత్తనం ఆవిడే వదిలేసింది. ఉలవకట్టు మా అందరి కంచాల్లోకీ వచ్చింది. తెల్ల బియ్యం మాత్రం మానలేదు, అంత పరువు తక్కువ పని ఎవరు చేస్తారు! పిల్ల పరుగులు తీసేసరికి ఆరు నెలలు పట్టింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అత్త చేటలో కందిపప్పు ఏరుతూ నన్ను పిలిచింది. మొహం ఎత్తలేదు.

"డాక్టరమ్మ పాప కాలు నొక్కినాది గదా, గుంట పడినాది గదా. మా నడిపి కొడుకుకీ అట్లనే పడుతుండినాది. రెండేండ్లోడు. వాడు ఎట్ల పోయినాడో ఎవరికీ తెలియలేదు. నేను వాడి కాలు నొక్కి, గుంట చూసి నవ్వుతుంటిని, అమ్మాయి. ఆటగా. ఎంత మెత్తగా ఉన్నాడో అని." కాసేపు పప్పు ఏరింది. "వాడికీ ఇదేనా?"

"కాదు అత్తా. అది వేరే జబ్బయి ఉంటుంది," అన్నాను వెంటనే.

"నువ్వు వాణ్ణి చూడలేదు గదా," అంది అత్త. "వాడికీ గంజే పోసినాను. మంచి బియ్యందే పోసినాను."

నేను ఆవిడ పక్కన కూర్చుని, చేటలో నా వైపున్న పప్పు ఏరాను.