ఉమ్రాకు సర్దిన మందులు

మా పక్కింటి చాచా, తనూ చాచీ కలిసి ఉమ్రా యాత్రకు మక్కా వెళ్లాలనుకుంటున్న సంగతి ముందు నాకే చెప్పాడు. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైనదాన్ని నేను. ఆయన బొగ్గు బాయిలో డ్రిల్లర్‌గా చేసి నాకంటే ముందే రిటైరయ్యాడు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. కొత్త పాస్‌పోర్టులు రెండూ చేతిలో పట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. గేటు నుంచి అరుగు దాకా ఇరవై అడుగులు ఉండవు. ఆ కాస్త నడకకే ఆయాసం పట్టుకుంది. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

“బిడ్డా, మీ చాచీ తమ్ముని ఇంటోళ్లు ఉమ్రాకు పోతున్నరు. మేము గూడ పోదామనుకుంటున్నం. టికెట్లు ఇంక తియ్యలె. మందులు, టీకాలు, గవన్ని నాకు తెల్వది. నువ్వే చూడాలె.”

నేను ఆయన వేళ్లు చూశాను. గోళ్లు ఉబ్బి గుండ్రంగా తిరిగి ఉన్నాయి, కొనలు నీలం. అలాంటి గోళ్లు నా సర్వీసులో ఎంతమంది చేతులకు చూశానో. ఊపిరితిత్తుల్లో అంత బొగ్గు దుమ్ము పేరుకున్న మనిషి విమానమెక్కి, ఆ ఎండలో ఆ జనంలో నడవలేడని నాకప్పుడే తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

“చూస్తా చాచా,” అని లోపలికి వెళ్లి కాగితం, పెన్ను తెచ్చుకున్నాను.

ఏమేం చేయాలో వరసగా రాశాను. అన్నిటికంటే ముందు రాయాల్సింది ఛాతీ డాక్టరు పరీక్ష. నేను దాన్ని అట్టడుగున రాశాను. ఎందుకలా రాశానో నాకు బాగా తెలుసు.

టికెట్లు తీసుకున్నారు. నేనే వెంట ఉండి ఇద్దరినీ కరీంనగర్ తీసుకెళ్లి, ఉమ్రాకు తప్పనిసరైన మెనింజైటిస్ టీకా వేయించాను. చాచీకి షుగరు. చెప్పులు లేకుండా చాలాసేపు నడవాలి కాబట్టి మెత్తటి మేజోళ్లు కొనిపించాను, రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలని చెప్పాను. మాత్రలు డబ్బాల్లో పోయకుండా అట్టలతోనే కవర్లలో పెట్టి, పూటలు రాశాను. మందుల చీటీ ఇంగ్లీషులో రాయించాను. చాచా పీల్చే మందు ఒకటి పెట్టెలో, ఒకటి చేతిసంచిలో. ఆయనకు దమ్ము వస్తే ఎలా పట్టాలో చాచీకి నేర్పాను. “నొక్కినంక పది లెక్కవెట్టాలె, గప్పటిదాంక ఊపిరి వదలొద్దు,” అంటే ఆయన నాలుగు దాకా ఆగి దగ్గేవాడు. మళ్లీ పట్టేది. మళ్లీ నాలుగే.

ఆయన ఎప్పుడూ తాగే దగ్గుమందు సీసా కూడా సంచిలో పెట్టబోతే నేను తీసేశాను.

“దీంట్ల మత్తు ఉంటది చాచా. ముందుగాల పర్మిషన్ లేకుంటే అక్కడ పట్టుకుంటరు.”

“అయితే ఇప్పటి సందే బంద్ చేస్త. అలవాటు కావాలె గద,” అన్నాడు.

నిజంగానే మానేశాడు. పొద్దున నేను మొక్కలకు నీళ్లు పోస్తుంటే గోడ అవతల ఒకటే దగ్గు. నడక కూడా మొదలుపెట్టాడు. “రోజు మసీదు దాంక నడిచి వస్తున్న బిడ్డా,” అని సంబరంగా చెప్పేవాడు. ఒకనాడు నేను కూరగాయలకు పోతుంటే, సగం దారిలో కరెంటు స్తంభం దిమ్మె మీద తల వంచుకుని కూర్చుని కనిపించాడు. చూశానని ఆయనకు తెలియకూడదని స్కూటీని పక్క సందులోకి తిప్పాను.

ఇక ప్రయాణం రెండు వారాలు ఉందనగా ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఆమె చిన్న వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. వరండాలో ఆరు నిమిషాలు నడవమంది. వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ పెట్టి పక్కన నేను నడిచాను. మొదలుపెట్టినప్పుడు ఎనభై తొమ్మిది ఉంది. రెండో చుట్టు సగంలో గోడ పట్టుకుని ఆగిపోయాడు. డెబ్బై ఆరు.

“చాచా, విమానంల గాలి పలుచగుంటది,” అంది డాక్టరు. “ఇక్కడ నేల మీదనే మీకు సరిపోతలేదు. ఫిట్‌నెస్ కాగితం మీద నేను సంతకం పెట్టలేను.”

“ఆక్సిజన్ పెట్టుకొని పోతరట గద మేడం?”

“పోతరు. దిగినంక అక్కడ నడవాలె గద. ఈ ఊపిరితిత్తులు మళ్ల మంచిగ కావు చాచా. ఇట్లనే ఉంచగలిగితే అదే ఎక్కువ.”

ఆయన, “టీకా అయితే ఏసుకున్న మేడం,” అన్నాడు. డాక్టరు నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

తిరిగి వస్తుంటే ఆటోలో అడిగాడు. “నీకు ముందే ఎరుకనా బిడ్డా?”

“డాక్టర్ చూడందే మనకేం తెలుస్తది చాచా,” అన్నాను. అబద్ధం.

ఆయన లేకుండా వెళ్లనని చాచీ మూడు రోజులు మొండికేసింది. ఆమె పోకుంటే అన్నం ముట్టనని ఆయన కూర్చుంటే చివరికి ఒప్పుకుంది. సంచిలో నుంచి ఆయన మందులు వేరు చేసి తీసి నేనే వాళ్ల అల్మారాలో పెట్టాను. తమ్ముడి కుటుంబంతో చాచీ వెళ్లిపోయింది.

నాలుగో రోజు ఆయనకు జ్వరం వచ్చింది. సాయంత్రానికి దవాఖానలో చేర్చాం. మంచిర్యాల నుంచి వాళ్ల కూతురు వచ్చింది. ఆయన మా ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. “మీ చాచీకి చెప్పకుండ్రి. అక్కడున్నదాంక మంచిగుండనియ్యుండ్రి.”

చాచీ రోజూ వీడియో కాల్ చేసేది. ఆయన ఆక్సిజన్ మాస్కు తీసి మాట్లాడే ఆ ఒక్క నిమిషం, మంచం, గోడ కనబడకుండా ఫోను ముఖానికి దగ్గరగా నేను పట్టుకునేదాన్ని. ఒకరోజు ఆమె ఫోను అటు తిప్పి కాబా చూపించింది. తెల్లటి బట్టల జనం తిరుగుతూనే ఉన్నారు. ఆయన కళ్లు ఆర్పకుండా చూశాడు. పెదవులు నల్లబడుతుంటే నేను మాస్కు చూపించాను, చేత్తో వద్దన్నాడు. ఆమె ఏదో అడుగుతూనే ఉంది, ఆయనకు జవాబివ్వడానికి ఊపిరి లేదు. సిగ్నల్ పోయిందనుకుని ఆమె పెట్టేసింది.

తిరిగొచ్చిన రోజు చాచీ స్టేషన్ నుంచి నేరుగా దవాఖానకే వచ్చింది. అప్పటికి కూతురు చెప్పేసింది. మక్కా నుంచి తెచ్చిన పవిత్ర జంజం నీళ్లు చెంచాతో ఆయన నోట్లో పోసి, బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

“నీకెప్పటి సంది ఎరుక?”

“మీరు పోయిన నాలుగో దినం దవాఖానకు...”

“గది కాదు. ఈయన పోలేడని ఎప్పటి సంది ఎరుక?”

“మొదటి దినం నుంచి,” అన్నాను.

“గా దినమే చెప్తే టికెట్లే తియ్యకపోదుము. ఈయన దగ్గుమందు బంద్ చేసి గంత గోస పడకపోవును. నేనూ ఈయన్ని ఇడిసి పోకపోదును.” గొంతులో కోపం లేదు. కోపముంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

ఇప్పుడాయన ఇంట్లోనే ఉన్నాడు, ఆక్సిజన్ మిషన్ మీద. ముక్కుకు పెట్టిన గొట్టం ఎంత పొడవుంటే అంత దూరమే తిరుగుతాడు. అంటే మంచం నుంచి బాత్‌రూం దాకా. చాచీ నాతో మాట్లాడుతుంది, చాయ్ ఇస్తుంది. కానీ మందుల సంగతి ఇప్పుడు నన్ను అడగదు, కూతురికి ఫోన్ చేసి కనుక్కుంటుంది. నేను రోజూ పొద్దున వెళ్లి ఆయన వేలికి మిషన్ పెడతాను.

“ఎంతున్నది బిడ్డా?” అంటాడు.

ఉన్నదున్నట్టు చెబుతాను. వారం వారం ఒకటో రెండో తగ్గుతోంది. ఆయన తలూపి గోడ వైపు తిరిగి పడుకుంటాడు.