దోర్నాల కట్టలో ఒక వరుస

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నేను మార్కాపురం తాలూకా కచేరీ రికార్డు గదిలో గుమాస్తాగా చేరాను. ఆ వేసవిలో గొర్రెలు మేపే ఒకామె, కూతురి జనన నమోదు నకలు కోసం మూడుసార్లు వచ్చింది. సోమవారంలోగా అది ఇవ్వకపోతే పిల్లకు టీచరు ట్రైనింగులో సీటు పోతుంది. వాళ్ల ఊరి జనన రిజిస్టర్లు ఐదేళ్లవి తిరగేశాను. ఎక్కడా లేదు.

మూడోసారి, శుక్రవారం నాడు, కూర్చోబెట్టి అడిగాను. "పిల్లను ఎక్కడ కన్నావక్కా?"

"ఆ యేడు వానల్లేక గొర్రెల్ని దోర్నాల అడివికి తోలుకపోయినామమ్మా. మంద కాడనే కన్నా. ఆడపిల్లని తెలిసి మా ఆయన మాటైనా మాట్లాడకుండా యాటికో పోయినాడు. మాపటికి గాని రాలేదు."

జననం ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి రిజిస్టరులోనే రాస్తారు. ఈ ప్రశ్న నేను మొదటిరోజే అడగాల్సింది. దోర్నాల రిజిస్టర్ల కట్ట దించాను. తండ్రి పేరు, ఊరు సరిపోయాయి. బిడ్డకు అప్పటికి పేరు పెట్టలేదు కాబట్టి "ఆడ శిశువు" అని మాత్రం ఉంది. పుట్టిన తేదీ, రాయించిన తేదీ ఒకటే.

"ఆయన ఆ రోజు కరణం దగ్గరికి పోయి ఇది రాయించాడక్కా," అన్నాను.

ఆయన చనిపోయి అప్పటికి నాలుగేళ్లు.

"ఒక్క మాటన్నా చెప్పల్యా సూడు, మొండి మనిషి!" అని నవ్వి, కళ్లు తుడుచుకుని, ఆ వరుస మీద వేలు పెట్టింది.

రిజిస్టరును బయటివాళ్లెవరినీ నేను ముట్టనివ్వను. ఆ రోజు మాత్రం నకలు సంతకమై వచ్చేదాకా, ఆమె వేలు కింద దాన్ని అలాగే తెరిచి ఉంచాను.