కరామా కట్టిన ఇంటి మీద మొదటి వాన

మా చెల్లెలి కొడుకు కరామాకు చిన్నప్పటి నుంచీ గోడలంటే భయం. పాలపళ్లు ఊడే వయసులో, పక్కవాళ్ల మట్టి మిద్దె వాడి కళ్ల ముందే వానకు కూలింది. పెద్ద చప్పుడేమీ రాలేదట. పాలల్లో నానిన రొట్టెలా విడిపోయిందట. అలాంటివాడు ఇళ్లు కట్టడం నేర్చుకుంటానని ఉస్తాద్ అవద్ దగ్గర చేరితే మా హద్రమౌత్ లోయంతా నవ్వింది. నేను నవ్వలేదు. భయం లేనివాళ్లు కట్టిన ఇళ్లలో కాపురం చేసినదాన్ని.

అవద్ కాగితం మీద నేర్పడు. నేల మీద సున్నంతో గదులు గీసి, వాటి మధ్య నడవమంటాడు.

"వంటింట్లో నిలబడ్డావు. పొగ ఎటు పోతుంది?"

"కిటికీ లోంచి, ఉస్తాద్."

"అది ఆడవాళ్ల గది కిటికీరా. మీ అమ్మను పొగలో చేపలా వేలాడదీస్తావా?"

తప్పిన గీతను కాలితో చెరిపేసేవాడు. అడుగున మట్టి గోడ లావుగా ఉండాలి, పైకి పోయేకొద్దీ సన్నబడాలి. ఒక అంతస్తు పూర్తిగా ఆరాకే రెండోది ఎత్తాలి. మిద్దెకు, పిట్టగోడకు సున్నమే పూయాలి. వినడానికి ఇంతే చదువు.

అవద్‌కు ఒక పట్టింపు ఉంది. శిష్యుడు సొంతంగా గీసి కట్టిన మొదటి ఇంట్లో, మొదటి వాన రోజున ఆ శిష్యుడే కూర్చోవాలి. వాన వెలిసేదాకా గడప దాటితే వాడికి ఇక పని ఇవ్వడు.

కరామాకు మొదటి ఇల్లు కట్టే పని ఎవరూ ఇవ్వలేదు. నేనిచ్చాను. పైన ఒక అంతస్తు, చక్కటి మెట్లు, పొగ పోయే దారి, అన్నీ కుదిరాయి. సున్నం పని ఒక్కటే మిగిలింది. అది తొందరపడితే అయ్యే పని కాదు. నానబెట్టాలి, కర్రలతో బాదాలి, రాయితో నున్నగా రుద్దాలి. ఇంతలో కొండల మీద మబ్బు కనబడింది. కరామా సున్నం తొట్టి వదిలేశాడు. త్వరగా గట్టిపడుతుందని మిద్దెకు సిమెంటు పూసేశాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన దిగింది. కరామా వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నా ఇంట్లో వాడు కూర్చుంటే నేను పొరుగింట్లో దాక్కుంటానా? మెట్ల మూలనున్న పొయ్యి మీద శొంఠి కాఫీ పెట్టాను.

బయట గొడుగు కింద నిలబడి అవద్ కేకేశాడు. "కరామా, ఉన్నావా?"

"ఉన్నాను, ఉస్తాద్."

"మీ ఖాలా ఉందా?" అంటే నేనే, వాడి పెద్దమ్మని.

"నా ఇల్లు నేనెందుకు వదులుతాను? నువ్వు తడవకు, ముసలాడా" అన్నాను.

కరామా నవ్వలేదు. మెట్ల పక్క గోడకు అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. నేనూ చెయ్యి పెట్టాను. చల్లగా, మెత్తగా, పిసికిన పిండిలా ఉంది. సిమెంటు ఎక్కడో నెర్రె విచ్చి నీళ్లు మింగింది. మింగినవాటిని బయటికి వదలడం లేదు. గోడ లోపల ఇసుక జారుతున్న సవ్వడి వినబడింది. మట్టి ఇటుకల్లో కలిపిన గడ్డి తడిసి వాసన కొట్టింది.

"ఖాలా, బయటికి పో."

"నువ్వో?"

"నేను పోతే నాకు పని లేదు."

"అయితే నేనూ కదలను. కాఫీ పొంగలేదు."

వాడు నా ముఖంలోకి చూశాడు. తరువాత నన్ను పిండి బస్తాలా వీపున వేసుకుని గడప దాటేశాడు. వీధంతా చూస్తుండగా, నా ముసుగు బురదలో ఈడుస్తూ.

అవద్ గొడుగు దించాడు. "వాన వెలవలేదు."

"ఇల్లు ఉండదు, ఉస్తాద్."

ఇల్లు మాత్రం నిలబడే ఉంది. ఎవరో కిసుక్కున నవ్వారు. కరామా తల వంచుకున్నాడు. అప్పుడు మెట్ల మూల మెల్లగా కుంగి కూలిపోయింది, నా కాఫీ గిన్నెతో సహా.

అవద్ మాట తప్పలేదు. కరామాకు మళ్లీ పని ఇవ్వలేదు. ఆ మూలను కరామా ఒక్కడే ఎత్తాడు, ఆరనిచ్చాడు, మిద్దె మీది సిమెంటు పెరికి సున్నం తనే బాదాడు. కూలకముందే గోడ మాట విన్నవాడని ఇప్పుడు ఇళ్లు కట్టించుకునేవాళ్లు వాడి దగ్గరికే వస్తున్నారు. నేల మీద గీతలు గీసి నడిపిస్తాడు, అవద్ లాగే.

నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. మబ్బు పట్టినప్పుడల్లా కరామా వచ్చి మెట్ల మీద కూర్చుంటాడు. కాఫీ ఇస్తాను. ఆ మూల గోడ మీద చెయ్యి పెట్టి చూడమని నన్ను అడగడు. నేనూ పెట్టను. వాన వెలిసేదాకా ఇద్దరం గోడను వింటూ ఉంటాం.