మచ్చ ఉంటేనే టీకా

ఇది మహాకావ్యంగా రాయదగ్గ కథ. ఏం లాభం, డెట్రాయిట్ సిటీ బస్సులో ఆరు స్టాపుల్లో అయిపోయింది.

ఎనభైల్లో ఒక ఉదయం నా పక్కసీటులో ఒక నల్లజాతి పెద్దాయన కూర్చున్నాడు. కూర్చోగానే ఎడమచేతిని నాకు దూరంగా జరుపుకున్నాడు. అది డయాలిసిస్ సూదులు గుచ్చే చెయ్యట, ఎవరినీ తాకనివ్వడట.

"డాక్టరువా?" అన్నాడు. ఇండియన్ మొహం కనిపిస్తే అక్కడ అందరూ అడిగేదే.

"కాదు సర్, ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని."

"అయితే నిజం చెప్తావు. మెషిన్ దగ్గర కామెర్లు అంటుకోకుండా కొత్త టీకా వేస్తారట. నా పక్క కుర్చీవాడు కామెర్లతోనే పోయాడులే. కానీ అలబామాలో వైద్యం చేస్తున్నామని చెప్పి, సిఫిలిస్ ఉన్న మా నల్లవాళ్లకి నలభై ఏళ్లు మందివ్వకుండా చూస్తూ కూర్చున్నదీ డాక్టర్లే. ఇవాళ నర్సుకి అవునో కాదో చెప్పాలి. నువ్వైతే వేయించుకుంటావా?"

నేను చొక్కా చెయ్యి పైకి మడిచి, చిన్నప్పటి మశూచి టీకా మచ్చ చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, దొంగనోటును చూసినట్టు చూశాడు.

"నిన్నడిగే వేశారా?"

"లేదు సర్. బడి తలుపులు మూసి వేశారు. నేను బల్ల కింద దొరికాను."

అప్పుడు నవ్వాడు. "సరే, ఆ కొత్త టీకా తను వేయించుకుందో లేదో, ఆ నర్సునీ చెయ్యి చూపించమంటాను. మచ్చ ఉంటే నేనూ వేయించుకుంటా. లేకపోతే లేదు."

డయాలిసిస్ సెంటర్ దగ్గర దిగిపోయాడు. ఒక ప్రాణం కాపాడానన్న గర్వంలో నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఆ కొత్త టీకాకి మచ్చ పడదని తర్వాత తెలిసింది.