మనిషికి ఇన్ని యూనిట్లు

కాగితం ఎంత పెద్దదైనా ఆమె చేతిలో పడితే ఎనిమిది మడతల్లో ఫైలు సైజుకు దిగాల్సిందే. ఇంటి ప్లాను గానీ, బడి ప్లాను గానీ, అడుగున కుడివైపు మూల ఒక గడి ఉంటుంది. పని పేరు, తేదీ, గీసినవాళ్ల పేరు అందులో రాస్తారు. మడత పూర్తయ్యేసరికి ఆ గడి సరిగ్గా పైకి రావాలి. కొత్తగా చేరినవాళ్లు మడిస్తే అది ఎక్కడో లోపలికి పోయి దాక్కునేది. తల గోక్కుంటూ కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టేవారు. ఆమె దాన్ని విప్పి, గీత మీద గోటితో నొక్కి, మళ్లీ మడిచి ఇచ్చేది.

భవనాల ప్లాన్లు గీసే ఆ చిన్న ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని అదే. ప్రింట్లు తీయడం, మడవడం, అల్మారాలో పెట్టడం, అడిగినప్పుడు వెతికి ఇవ్వడం. ఉన్నది ఎనిమిది మంది. అందరికీ ఆమె ప్రింట్ల పిన్ని. తనకన్నా రెండేళ్లు పెద్దదైన అకౌంటెంటమ్మ కూడా పిన్నీ అనే పిలిచేది. మొదట్లో ఎగతాళికి అంది, తరవాత అలవాటైపోయింది.

ఆమె గది నడవ చివర, కిటికీ లేకుండా ఉండేది. పెద్దసారు ఉన్న రోజుల్లో ఆ గది ముందు నిలబడే చోటు ఉండేది కాదు. ఆయన పోయాక ఆఫీసు కొడుకు చేతికి వచ్చింది. చిన్నసారుకు ఏ పనీ ఆగకూడదు. టేబులుకో చిన్న ప్రింటరు కొన్నాడు. దాంతో నడవలో అడుగుల చప్పుడు తగ్గింది. పెద్ద ప్లాన్లు అవసరమైతేనే ఆమె దగ్గరికి వచ్చేవారు. కొన్ని రోజులు ఆమె నోరు విప్పేసరికి మధ్యాహ్నం అయ్యేది. అప్పుడు గొంతు పట్టేసినట్టు వచ్చేది, జలుబు చేసిందా అని అడిగేవారు. అవునని చెప్పేది. అంతకన్నా చెప్పడానికి ఏముంది?

ఇల్లు రెండు బస్సుల దూరం. మూడో అంతస్తులో రెండు గదులు. పెళ్లి మాట రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, రెండుసార్లూ చెప్పులు విప్పకుండానే వెనక్కి పోయింది. తల్లి పోయి నాలుగేళ్లు. అక్క వేరే ఊళ్లో ఉంటుంది, ఆదివారం ఫోన్ చేస్తుంది.

ఒక రోజు చిన్నసారు అందరినీ హాల్లోకి పిలిచాడు. ఒక పెద్ద బడి కట్టించేవాళ్లు ప్లాన్లు గీసే పని ఇస్తామన్నారట. అయితే ముందు మీ ఆఫీసు ఎలా నడుస్తోందో చూపించండి అన్నారట. కాగితం ఎంత, కరెంటు ఎంత, చెత్త ఎంత, ఆరు నెలలు లెక్క రాసి, తగ్గించి చూపాలి. ఈ పని ఎవరు చూసుకుంటారని అడిగాడు. అందరూ ఒక్కసారిగా ఎవరి కంప్యూటరులోకి వాళ్లు తల దూర్చారు. తలుపు దగ్గర నిలబడ్డ ఆమె చెయ్యెత్తింది. ఎత్తాక, తన చెయ్యి తనకే కొత్తగా అనిపించింది.

వారం తిరిగేసరికి ఆఫీసు రూపు మారింది. టేబుళ్ల మీది చిన్న ప్రింటర్లన్నీ తీయించి అట్టపెట్టెల్లో పెట్టించింది. ఇక ప్రింటు కావాలంటే ఆమె గదిలోనే. టేబుళ్ల కింది చెత్తబుట్టలు పోయి, వాటి బదులు మూడు డబ్బాలు వచ్చాయి, కాగితానికి ఒకటి, తడిచెత్తకి ఒకటి, మిగతా వాటికి ఒకటి. మూడింటినీ ఆమె గుమ్మం పక్కన వరసగా నిలబెట్టింది. కాగితం కప్పులు మానిపించి స్టీలు గ్లాసులు కొనిపించింది. నీళ్ల ఫిల్టరు హాల్లోంచి తీసి ఆమె గది గోడకు బిగించారు. కరెంటు ప్లగ్గు అక్కడైతే వీలుగా ఉందని చెప్పింది. అది అబద్ధం కాదు. ప్లగ్గులు హాల్లో కూడా నాలుగు ఉన్నాయన్న సంగతి మాత్రం చెప్పలేదు.

డ్రాయింగులు గీసే కుర్రాడు బాగా పొడుగు. అతన్ని నిచ్చెన అంటారు. గ్లాసు పట్టుకుని వచ్చి అటూ ఇటూ చూశాడు.

"బాత్రూమొక్కటే మిగిలింది పిన్నీ. అదీ ఈ పక్కకే జరిపించేస్తే ఓ పనైపోతుంది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఇంటికి వెళ్లే బస్సులో కూడా ముఖం మీదే ఉంది.

తరవాత మూడు నెలలు ఆ నడవ నిండుగా ఉంది. పాత ప్రింటరు వేడెక్కడానికి మూడు నిమిషాలు పట్టేది. మూడు నిమిషాలు ఊరికే నిలబడలేక మనుషులు మాట్లాడతారు. సైటు సూపర్‌వైజరు పన్ను పీకించుకోవాలో వద్దో ఆమెను అడిగాడు. అకౌంటెంటమ్మ మనవడు బడిలో పక్క పిల్లాణ్ణి కొరికాడనీ, ఇంట్లో అడిగితే వాడి చెయ్యే తన నోటికి అడ్డొచ్చిందన్నాడనీ తెలిసింది. నిచ్చెనకు సంబంధం కుదిరి, తప్పి, మళ్లీ కుదిరింది. అరటితొక్క ఏ డబ్బాలో వెయ్యాలో తెలిసి కూడా అడిగేవారు కొందరు. ఆమె తెలియనివాళ్లకి చెప్పినట్టే చెప్పేది. పొద్దున పది కాకముందే గొంతు సాఫీగా ఉండేది.

ప్రతి శుక్రవారం లెక్క రాసేది. ఎన్ని కాగితాలు వాడారు, ఏ గది మీటరులో ఎన్ని యూనిట్లు కాలాయి. ఇందుకోసం చిన్నసారు ప్రతి గదికీ ఒక చిన్న మీటరు పెట్టించాడు. ప్రింటరు పైన గోడకు ఆమె ఒక చీటీ అంటించింది. తీసే ముందు ఒక్కసారి ఆలోచించండి, అని.

వాళ్లు ఆలోచించారు.

మొదట రెండు వైపులా తీయడం నేర్చారు. తరవాత తప్పులు తెర మీదే దిద్దుకోవడం నేర్చారు. సైటు సూపర్‌వైజరు ప్లాన్లు చేతిలో పట్టే తెర మీదే చూసుకోవడం మొదలుపెట్టాడు. వారానికి నాలుగు వందల కాగితాలు రెండు వందలయ్యాయి, ఎనభై అయ్యాయి, ముప్పై అయ్యాయి. చిన్నసారు ఆమెను అందరి ముందూ మెచ్చుకున్నాడు, చప్పట్లు కొట్టించాడు. కాగితం లేకపోతే కాగితం చెత్త ఎక్కడిది? గ్లాసులు కడగడం దండగని అకౌంటెంటమ్మ ఇంటి నుంచి సీసాతో నీళ్లు తెచ్చుకుంది. ఆమెను చూసి అందరూ తెచ్చుకున్నారు. ఫిల్టరు దగ్గర గ్లాసు పట్టేది ప్రింట్ల పిన్ని ఒక్కతే. నడవ మునుపటికన్నా ఖాళీ అయింది. మునుపు కనీసం చెత్త ఎత్తడానికి ఒక మనిషి రోజూ వచ్చేది. ఇప్పుడు రెండు రోజులకోసారి చాలంటోంది.

ఆమెకు ఎవరి మీదా కోపం రాలేదు. చెప్పింది తను, చేసింది వాళ్లు. తప్పెవరిదని అనగలదు?

ఆరో నెల చివర మొత్తం లెక్క పంపించాలి. బడివాళ్లు అడిగింది గదికి ఎన్ని యూనిట్లని మాత్రమే. ఆ పట్టిక గంటలో అయిపోయింది. అయినా ఆమెకు అది అసంపూర్తిగా అనిపించింది. గడి లోపలికి పోయిన ప్లానులాగా. హాల్లో ఐదుగురు కూర్చుంటారు, చిన్నసారు గదిలో ఇద్దరు. గదికి ఇంత అంటే ఏం తెలుస్తుంది? చివర ఇంకో వరస గీసింది. మనిషికి ఇన్ని యూనిట్లు.

భాగించి చూసేసరికి తన గది అన్నిటికన్నా పైన ఉంది. హాలుకు నాలుగింతలు. కిటికీ లేదు గనక రోజంతా దీపం. పాత ప్రింటరు. రాత్రీ పగలూ ఆడే ఫిల్టరు. కూర్చునేది ఒక్క మనిషి.

ఆ వరస చెరిపేస్తే అడిగేవాళ్లు లేరు. రబ్బరు పక్కనే ఉంది. ఆమె కాసేపు కాగితం వంక చూసింది. ఆరు నెలలు ఒక్క అంకె కూడా తేడా రాయలేదు. ఎక్కువ నుంచి తక్కువకు వరసగా మళ్లీ శుభ్రంగా రాసి, తన గది మొదట పెట్టి, ఇచ్చేసింది.

బుధవారం చిన్నసారు పిలిచాడు. కూర్చోమన్నాడు. బడివాళ్లు లెక్క చూసి చాలా మెచ్చుకున్నారనీ, పని మనకే ఇచ్చారనీ చెప్పాడు. తరవాత కాగితం ఆమె వైపు తిప్పి, మొదటి వరస మీద వేలు పెట్టాడు.

"ఈ గది మనకి ఇంకా అవసరమంటారా పిన్నిగారూ?"

"ప్రింట్లకి సార్."

"పోయిన వారం ఎన్ని తీశారు?"

"పదకొండు."

ఆయన నవ్వాడు. ఆ పదకొండూ బయట తీయించుకోవచ్చన్నాడు. పాత ప్లాన్లన్నీ ఇప్పటికే కంప్యూటరులోకి ఎక్కించారు, వాటికి పేర్లు పెట్టి సర్దాలి, రెండేళ్ల పని. ఆమెకన్నా ఆ ప్లాన్లు తెలిసినవాళ్లు లేరు. లాప్‌టాప్ ఇస్తాను, ఇంటి నుంచే చేసుకోండి అన్నాడు. గది కరెంటు మిగులుతుంది, ఆమెకు నాలుగు బస్సులు తప్పుతాయి, జీతంలో తేడా ఉండదు. మంచి మనసుతోనే అన్నాడు. అదే కష్టమైంది.

"ఇంట్లో నెట్ లేదు సార్."

"పెట్టిద్దాం."

"సరైన కుర్చీ కూడా లేదు."

"మీ కుర్చీయే పంపిస్తాను. ఇంకేం కావాలి?"

"ఇంట్లో ఎవరూ ఉండరు సార్."

"ఇంకేం మరి. మా ఇంట్లో పిల్లలు ఐదు నిమిషాలు కూర్చోనివ్వరు. మీ అదృష్టం."

సోమవారం చెప్తానని లేచింది.

శనివారం ఆఫీసు సెలవు. తొమ్మిదిన్నరకి ఆమె ఇంట్లో బల్ల దగ్గర కూర్చుంది. ఎలా ఉంటుందో చూద్దామని, పాత ఫైలు ఒకటి ముందు పెట్టుకుని పేర్లు రాయడం మొదలుపెట్టింది. పని సాగింది. ఇబ్బందేమీ లేదు. పైవాళ్లు కుర్చీ జరిపారు. నీళ్ల మోటారు ఆడి, ఆగింది. ఎవరో మెట్లు ఎక్కుతున్నారు. ఆమె కలం ఆపి విన్నది. అడుగులు రెండో అంతస్తులోనే ఆగిపోయాయి. పదకొండింటికి లేచి, కింద దుకాణానికి వెళ్లి, ఇంట్లో ఉన్న సబ్బే మళ్లీ కొంది. దుకాణదారు ఫోనులో మాట్లాడుతూనే సబ్బు తీసి ఇచ్చాడు. పైకి వచ్చి చూస్తే పదకొండూ పది.

ఆదివారం అక్కకు చెప్పింది. అక్క సంతోషించింది. "ఎండలో బస్సులు పట్టుకుని తిరిగే బాధ తప్పుతుంది కదే. ఇంకా ఆలోచిస్తావేం?" అని చీవాట్లు పెట్టింది. ఆలోచించడం లేదులే అంది ఆమె. అక్కకు స్టవ్ మీద పాలున్నాయి, ఫోన్ పెట్టేసింది.

సోమవారం సారు గదికి వెళ్లి విడిగా చెప్పాలనుకుంది. కానీ ఆమె వచ్చేసరికి చిన్నసారు హాల్లో, నిచ్చెన టేబులు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి అక్కడి నుంచే అడిగాడు, లాప్‌టాప్ తెప్పించనా అని.

అందరూ ఉన్నారు. ఆమె సంచీ భుజం మీదే ఉంది.

"వద్దు సార్. గది మూసేయండి. నేను మాత్రం వస్తాను."

"పని ఎక్కడైనా ఒకటే కదండీ."

"పని ఒకటే. ఇంట్లో రోజంతా ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు సార్. శనివారం కూర్చుని చూశాను. నావల్ల కాదు."

కీబోర్డుల చప్పుడు ఆగింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. చిన్నసారు చేతిలో ఉన్న పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు. హాల్లో చోటెక్కడుందని మాత్రం అన్నాడు. అకౌంటెంటమ్మ తల ఎత్తకుండా, తన పక్క అల్మారా గోడకు జరిపితే ఒక బల్ల పడుతుందంది.

రెండు రోజుల్లో గది మూశారు. ఫిల్టరు మళ్లీ హాల్లోకి వచ్చింది. ఆమె బల్ల అకౌంటెంటమ్మకీ నిచ్చెనకీ మధ్య వేశారు.

ఇన్నేళ్లూ నడవ చివర కూర్చుని, హాల్లో మాటలు సాగుతూ ఉంటాయనుకునేది. వచ్చి కూర్చున్నాక తెలిసింది, ఇక్కడా ఎవరూ మాట్లాడుకోరు. చెవుల్లో ఏవో పెట్టుకుని పని చేస్తారు. చెప్పుకోవాల్సింది తెర మీదే రాసుకుంటారు. ఉన్నట్టుండి నిచ్చెన నవ్వితే, ఒక క్షణం తరవాత ఆ మూల ఇంకెవరో నవ్వేవారు. ఎందుకో ఆమెకు తెలిసేది కాదు. సోమవారం ఆమె అన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటానికి కష్టపడుతున్నట్టు కనిపించింది. ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషితో ఉన్నట్టు, పక్క నుంచి వెళ్లేటప్పుడు చప్పుడు చేయకుండా వెళ్తున్నారు. పోనీ ఇంట్లోనే ఉండాల్సిందా అని ఒకసారి అనిపించింది. లేదు, అనుకుంది. తెర మీద పాత బడి ప్లాను ఒకటి తెరిచి పేరు కొట్టడం మొదలుపెట్టింది.

పదకొండు దాటాక నిచ్చెన చెవిలోంచి ఒకటి తీశాడు.

"పిన్నీ, మీ కుర్చీ కింద నా వైరు నలుగుతోంది. కాస్త జరుగుతారా?"

ఆమె జరిగింది.

"ఇంకొంచెం."

ఇంకొంచెం జరిగింది.

"ఆఁ, చాలు చాలు. లేకపోతే అకౌంట్స్‌లోకి వెళ్లిపోతారు."

అకౌంటెంటమ్మ, నా దగ్గర ఖాళీలు లేవంది. అతను మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు. ఆమె తిరిగి తెర వైపు చూసింది.