వెనక చక్రం కింది బాణం

జపాన్‌లోని తొయామాలో ఒక హైస్కూల్లో కురేబయషి మాస్టారు పందొమ్మిదేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నారు. ఏటా సైకిలు బొమ్మ వేసి, రెండు చక్రాల కిందా వెనక్కి బాణాలు గీసి, "ఘర్షణ ఎప్పుడూ బండికి అడ్డమే" అనేవారు.

ఆ డిసెంబరులో సైకిలు షాపు వాళ్లమ్మాయి సయె లేచి నిలబడింది.

"మాస్టారూ, రెండూ వెనక్కే లాగుతుంటే సైకిల్ని ముందుకు తోసేదెవరండీ?"

"తొక్కేవాడు!"

"వాడి కాళ్లు నేలకు తగలవు కదండీ?"

క్లాసు ఘొల్లుమంది. మాస్టారు గడియారం చూసుకుని, "మంచి ప్రశ్న. రేపు చూద్దాం" అన్నారు. జవాబు తెలియని ప్రశ్నలన్నీ తన నోట మంచి ప్రశ్నలైపోతాయని ఆయనకు తెలియకపోలేదు.

మర్నాడు పొద్దున వీధిలో మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. బడికి బయల్దేరిన మాస్టారు సైకిలెక్కి, ఒక కాలు నేలకు ఆనించి, రెండో కాలితో పెడల్ తొక్కారు. వెనక చక్రం గిర్రున తిరిగింది. సైకిలు ఉన్నచోటే ఉంది.

ఎదురుగా టోఫూ కొట్టు నడిపే తొమియె వాకిట్లో మంచు తోస్తున్నదల్లా ఆగింది. "ఏంటి మాస్టారూ, కసరత్తా? నేల పట్టు దొరక్కపోతే పాపం చక్రం మాత్రం ఏం చేస్తుంది!" అంటూ చక్రం కింద గుప్పెడు ఇసుక చల్లింది.

ఆయన మళ్లీ తొక్కారు. సైకిలు ఒక్కసారిగా ముందుకు దూకింది. మాస్టారు మంచుకుప్పలో పడ్డారు. అక్కడే, వెల్లకిలా, విషయం బోధపడింది. చక్రం నేలను వెనక్కి నెడితే, నేల చక్రాన్ని ముందుకు నెడుతోంది. ఆ నెట్టేది ఘర్షణే!

తడిసిన ప్యాంటుతోనే క్లాసుకు వెళ్లి వెనక చక్రం బాణాన్ని ముందుకు తిప్పారు. అదే ఊపులో ముందు చక్రానిదీ తిప్పేశారు.

"ముందు చక్రానికి చెయినుండదండీ," అంది సయె జాలిగా. "దాన్ని సైకిలే తోసుకుపోతుంది. నేల వెనక్కి పట్టుకుంటేనే అది దొర్లుతుంది."

"అమ్మా, పాఠం నువ్వే చెప్పు. నేను హీటరు దగ్గర ఆరతాను," అన్నారు మాస్టారు.

మరి పాత విద్యార్థులో? కొత్త సంవత్సరం కార్డుల మీద శుభాకాంక్షల కింద అందరికీ రాశారు: "వెనక చక్రం బాణం ముందుకు ఉండాలి. మన్నించండి."

రైలు పెట్టెల కార్ఖానాలో ఇంజనీరు మొరొహొషి దగ్గర నుంచి జవాబు వచ్చింది: "మాకు అప్పుడే తెలుసు మాస్టారూ. మార్కుల కోసం పరీక్షలో మీలాగే తప్పు రాశాం."

మాస్టారు దాన్ని భార్యకు చదివి వినిపించారు.

"అయితే ఇన్నేళ్లూ పిల్లలే మిమ్మల్ని పాస్ చేయించారన్నమాట," అందావిడ.

"అదీ గ్రేస్ మార్కులతో," అన్నారాయన, నవ్వాపుకోలేక.